‘నీ జీతం క్రెష్‌కే సరిపోతుంది, మానెయ్’ అంటున్నారు

ప్రశ్న: నాకిప్పుడు ఆరో నెల. ఇద్దరం ఉద్యోగస్తులమే. ప్రసూతి సెలవులో సగం రోజులకు మా ఆఫీసు పూర్తి జీతం ఇస్తుంది, మిగతా రోజులకు సగమే. ‘సెలవయ్యాక మళ్లీ వెళ్లినా నీ జీతమంతా క్రెష్‌కీ రానూపోనూ ఖర్చులకీ పోతుంది, మానెయ్యడమే నయం’ అంటున్నారు మావారు. వాళ్ల ఆఫీసులో తండ్రులకూ ఆరు వారాల సెలవుంది. తీసుకోమంటే ప్రమోషన్ పోతుందంటారు. మొన్న కాగితం మీద లెక్కేసి చూపించారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఎనిమిదేళ్లుగా చేస్తున్న ఉద్యోగం, వదులుకోవాలంటే ఏడుపొస్తోంది. నాది స్వార్థమా?

జవాబు: స్వార్థం కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్యండి.

ఉత్తరంతో పాటు మీరు పంపిన ఆ కాగితం ఫొటోని చాలాసేపు చూశాను. పైన మీ జీతం, దాని కింద క్రెష్ ఫీజు, రానూపోనూ ఖర్చు, ఒక గీత. గీత కింద మిగిలిన చిన్న అంకె, దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. తీసివేతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ కాగితంలో మీవారి జీతం ఎక్కడా లేదు. బిడ్డ ఇద్దరికీ పుడుతున్నప్పుడు బిడ్డ ఖర్చు మీ ఒక్కరి జీతంలోంచే ఎందుకు తీశారు?

ఇద్దరి జీతాలూ కలిపి వంద అనుకుందాం. ఆయనవి అరవై, మీవి నలభై. మీరు బయటికెళ్తే బిడ్డకీ ప్రయాణాలకీ అయ్యేది ముప్పై. మీరు మానేస్తే ఇంటికి అరవై, వెళ్తే డెబ్బై. తేడా పదే కదా అంటారు మీవారు. ఈ ఏడాదికి నిజమే. అయితే క్రెష్ ఫీజు బిడ్డకు నాలుగైదేళ్లు వచ్చేదాకానే. మీ నలభై మాత్రం నలభై దగ్గరే ఆగిపోదు. ఇంక్రిమెంట్లు, సీనియారిటీ, పెన్షన్‌కి జమయ్యే డబ్బు, ఇవన్నీ ఏటేటా దానికి కలుస్తూ ఉంటాయి. నాలుగేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటే, వదిలిన చోట ఎవరూ కూర్చోబెట్టరు. కాగితం మీద రాయాల్సిన అసలు ఖర్చు అది.

డెన్మార్క్‌లో పరిశోధకులు తల్లిదండ్రుల సంపాదనని బిడ్డ పుట్టడానికి ముందూ, తర్వాత చాలా ఏళ్లదాకానూ పోల్చి చూసి 2019లో ఆ ఫలితాలు ప్రచురించారు. పిల్లలు పుట్టాక తల్లుల సంపాదన దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడింది. తండ్రుల సంపాదనలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. సెలవులు, క్రెష్‌లు దండిగా ఉన్న దేశం పరిస్థితే అది.

అలాగని తల్లికి ఎంత ఎక్కువ సెలవిస్తే అంత మేలని కూడా నేను అనను. 1990లో ఆస్ట్రియా సెలవును ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. దాంతో చాలామంది తల్లులు తిరిగి పనిలో చేరడం వెనక్కి జరిగింది. సెలవు మొత్తం ఒక్కరి నెత్తినే పడితే ఆఫీసుల వాళ్లు కూడా పెళ్లయిన ఆడపిల్లని తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తారు. అందుకే 2000 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో మూడింట రెండు వంతులకు తగ్గని భత్యం ఉండాలంటూనే, ఆ ఖర్చు ఒక్క యజమాని మీద పడకుండా సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలంటుంది.

అందుకే మీవారి ఆరు వారాల దగ్గర నేను పట్టుబడుతున్నాను. కెనడాలోని క్యూబెక్ 2006లో 5 వారాలు తండ్రులకని విడిగా పెట్టింది. తండ్రి తీసుకోకపోతే ఆ వారాలు పోయినట్టే, తల్లికి బదలాయించడం కుదరదు. తీసుకునే తండ్రుల సంఖ్య బాగా పెరిగింది. కొన్నేళ్ల తర్వాత చూస్తే ఆ ఇళ్లలో తండ్రులు ఇంటిపనికి, తల్లులు జీతం వచ్చే పనికి ఇచ్చే సమయం కూడా పెరిగింది.

నా దగ్గరికొచ్చిన ఒక జంట గుర్తొస్తోంది. ఆవిడ ఆఫీసులో చేరాక ఆయన నెల సెలవు పెట్టాడు. మొదటి రోజు ఆవిడకి ఐదుసార్లు ఫోన్: డైపర్లు ఎక్కడ, ఏడుపు ఎందుకు, ఎంతసేపు ఎత్తుకోవాలి? మూడో వారంలో ఆవిడే ఉండబట్టలేక ఫోన్ చేస్తే, ‘ఇప్పుడే పడుకుంది, తర్వాత మాట్లాడదాం’ అని గుసగుసగా చెప్పి పెట్టేశాడట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆవిడ మొహంలో నేను చూసిన నిశ్చింత ఏ జీతంతోనూ రాదు. ఆవిడ ఆ ఉద్యోగంలోనే ఉంది.

మీవారి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సెలవు పెట్టిన మగవాణ్ని పనిమీద శ్రద్ధ లేనివాడిగా చూసే ఆఫీసులున్నాయి. ‘మీకు నేనంటే లెక్కలేదు’ అని మొదలుపెడితే ఆయన ఇంకా బిగుసుకుపోతారు. ‘ఇంట్లో ఒక్క జీతమే ఉండి, ఆ ఉద్యోగానికే ఏదైనా అయితే మన పరిస్థితేంటి?’ అని అడగండి. ఆ బరువంతా తన ఒక్కడి మీదే పడుతుందని ఆయన ఇప్పటిదాకా ఆలోచించి ఉండకపోవచ్చు. ఆరు వారాలూ కాన్పప్పుడే వాడెయ్యకుండా, మొదట రెండు వారాలు, మీరు తిరిగి చేరాక నాలుగు వారాలు పెట్టమనండి. అలా విడదీసి ఇస్తారో లేదో ఆయన ఆఫీసులో ముందే అడగాలి.

డబ్బు సంగతి ఇంకోటి. సెలవు రెండో సగంలో మీకు సగం జీతమే కదా. ఈ నెల నుంచే మీ జీతంలో సగం పక్కన పెట్టి, మిగిలిన దాంతో ఇల్లు నడపండి. ఎక్కడ బిగుస్తుందో ఇప్పుడే తెలుస్తుంది, దాచిన డబ్బు అప్పటికి అక్కరకొస్తుంది. రాజీనామా మాట ఆఫీసులో ఎవరితోనూ అనకండి. సెలవు రోజులు సీనియారిటీలో కలుస్తాయా, ఇన్సూరెన్స్ కొనసాగుతుందా, తిరిగొచ్చాక అదే పోస్టు ఇస్తారా? ఈ మూడూ ఈ వారమే హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. అది వచ్చాక కొత్త కాగితం తీసి, ఈసారి రెండు జీతాలూ పైన రాసి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని లెక్క వెయ్యండి.