క్లాసు గ్రూపు పెట్టే ముందు

చి. బుజ్జికి,
అత్తయ్య దీవెనలు.

ఈ సెమిస్టర్ నీకు సెకండియర్ థర్మోడైనమిక్స్ ఇచ్చారనీ, పిల్లలకి వాట్సాప్ గ్రూపు పెట్టే ఆలోచనలో ఉన్నావనీ మీ నాన్న చెప్పాడు. పెట్టు, మంచిదే. కాకపోతే నోటీసులకీ చర్చకీ ఒకే గ్రూపు వద్దు. మిడ్ పరీక్ష తేదీ కింద వరసగా "ఓకే మేడమ్"లు పడతాయి. వాటి మధ్య ఎవరో అడిగిన మంచి డౌటు పైకి జరిగిపోతుంది, ఇక దాన్ని ఎవరూ చూడరు. నోటీసుల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చెయ్.

చర్చకి నేనైతే టెలిగ్రామ్ వాడమంటాను. వాట్సాప్ గ్రూపులో చేరితే నంబరు అందరికీ కనపడుతుంది. తెలియని నంబర్ల నుంచి హాయ్‌లు వస్తాయన్న భయంతోనే కొందరు ఆడపిల్లలు గ్రూపులో నోరు విప్పరు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. మొదటిరోజు క్లాసులోనే అందరిచేతా ప్రైవసీలో ఫోన్ నంబర్ దగ్గర 'నోబడీ' పెట్టించు. పాత మెసేజ్‌లు కొత్తవాళ్లకి కనపడేలా పెడితే, ఈసెట్ రాసి డిప్లొమా నుంచి ఆలస్యంగా వచ్చి చేరే పిల్లలు కూడా అందుకుంటారు.

ఇక అసలు సంగతి. ప్రశ్నలో పస ఉంటేనే చర్చ నడుస్తుంది. "ఎంట్రోపీని నిర్వచించండి" అంటే చాట్‌జీపీటీ నుంచి తెచ్చి అతికిస్తారు. "ఎండాకాలం గది తలుపులన్నీ మూసి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెడితే గది చల్లబడుతుందా?" అని అడుగు. చల్లబడుతుందనే చాలామంది అంటారు. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది కదా అని ఎవరో అందుకుంటారు. మరి కంప్రెసర్ లాగే కరెంటు ఎటు పోతోందని ఇంకొకరు. అదీ వేడిగా మారి గదిలోకే వస్తుంది, గది ఇంకా వేడెక్కుతుంది అని వాళ్లంతట వాళ్లు తేల్చుకునే దాకా నువ్వు మాట్లాడకు. జవాబు తెలిసి ఊరుకోవడం చాలా కష్టం తల్లీ, అయినా ఒకరోజు ఆగు. నువ్వు రాశావా, చర్చ అక్కడితో సరి. మరీ దారి తప్పుతుంటే ఇంకో ప్రశ్న వెయ్.

తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఇంగ్లిష్‌కి జంకి క్లాసులో మాట్లాడరు. గ్రూపులో తెలుగు రాయొచ్చనీ, వాయిస్ మెసేజ్ పెట్టినా పర్లేదనీ చెప్పు. చెప్పి ఊరుకోక నువ్వూ తెలుగులో రాయి, అప్పుడే నమ్ముతారు. అలాగని లెక్క ఫోటో తీసి "రావట్లేదు మేడమ్" అంటే ఒప్పుకోకు. ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో రాయమను.

గ్రూపులో రాసినదానికి మార్కులు వెయ్యకు, వేస్తే మార్కుల కోసమే రాస్తారు. రాత్రి తొమ్మిది దాటితే జవాబివ్వనని ముందే చెప్పెయ్.

డేటా అయిపోయి చూడలేకపోయిన పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అందుకని వారానికోసారి గ్రూపులో తేలిన విషయం బోర్డు మీద ఐదు నిమిషాలు చెప్పు. ఏ మాట ఎవరు పట్టుకున్నారో పేరు పెట్టి మరీ చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య