త్రిశంకును ముందు మిద్దె మీంచి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. అనంతపురంలో మిద్దె మీద తమ్ముడు, మెల్‌బోర్న్‌లో అక్క, మధ్యన ఒక ఫోను, పైన త్రిశంకు నక్షత్రం, అదే నాలుగు చుక్కల శిలువ. బాగా ఎత్తుకున్నావు. ఒక్క వాక్యం మాత్రం మింగుడుపడలేదు: సంక్రాంతి సాయంత్రం త్రిశంకు నడినెత్తిన మెరుస్తోందన్నావు. మన ఊళ్ళో అది ఏనాడూ నడినెత్తికి రాదు నాయనా. ఆ రోజుల్లో రాత్రి ఒంటిగంట దాటితేగానీ పొడవదు.

మే నెల నడుమ, రాత్రి తొమ్మిదిన్నరకు మిద్దెక్కి దక్షిణానికి తిరుగు. చెయ్యి చాచి పిడికిలి పట్టు. నేల అంచుకు పైన ఒకటి రెండు పిడికిళ్ళ ఎత్తులోనే నాలుగు చుక్కలు నిలువుగా ఉంటాయి. పైదానిలో ఎర్రజీర. కిందిది నీలి తెలుపు, నాలుగింట్లో అదే కాంతిగలది. తలకిందులైన త్రిశంకు తల అదేననిపిస్తుంది నాకు. ఎడమపక్క రెండు పెద్ద చుక్కలు దాన్నే చూపుతుంటాయి. అవి లేవంటే నువ్వు చూస్తున్నది ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో చాలామందిని మోసగించే ఇంకో శిలువ ఆకారం. వేసవి దుమ్ము, బెంగళూరు రోడ్డు లైట్లు ఒక్కోసారి కింది చుక్కను మింగేస్తాయి. అదీ రాయి, మనూరి పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

ఇక అర్థం సంగతి. ఉద్యోగం లేని తమ్ముణ్ణి త్రిశంకు స్వర్గంలో వేలాడదీసి వదిలేశావు. అందరూ చేసేదే అది. బాలకాండ తీసి చదువు. త్రిశంకు రాజు బొందితో స్వర్గానికి పోతానంటే వసిష్ఠుడు కాదన్నాడు, ఆయన కొడుకులు శపించారు. విశ్వామిత్రుడు పంపితే ఇంద్రుడు తోసేశాడు. త్రిశంకు తలకిందులుగా పడిపోతూ కాపాడమని కేక పెట్టాడు. విశ్వామిత్రుడు "ఆగు, ఆగు" అని అక్కడే నిలిపి, కోపంతో దక్షిణ దిక్కున కొత్త చుక్కల్నే పుట్టించాడు. చివరికి దేవతలే దిగొచ్చి ఒప్పుకున్నారు. నాకు ఆ వేలాడటం కన్నా ఆ కేక ముఖ్యం, దానికి పలికిన మనిషి ముఖ్యం. నీ కథలో "ఆగు" అనాల్సింది అక్క. ఆమె చేత నువ్వింకా ఆ మాట అనిపించలేదు.

అక్క చూసే త్రిశంకు వేరు. మెల్‌బోర్న్‌లో అది అస్తమించదు. ఆ దేశపు జెండా మీద ఉంది, న్యూజిలాండ్, బ్రెజిల్ జెండాల మీదా ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో చాలామందికి ఆ చుక్కల పక్కనున్న నల్లమచ్చే గురి. పాలపుంత పొడవునా పరుచుకున్న ఈమూ పక్షికి అది తల. అన్నేళ్ళుగా అక్కడుంటున్న మనిషి ఒక్క జెండా ముచ్చటే చెబితే ఎట్లా? ఆ నల్లమచ్చ గురించి తమ్ముడికి చెప్పించు.

సంక్రాంతే కావాలంటే భోగి మంటల వేళకు జరుపుకో. ఐదింటికి త్రిశంకు నిటారుగా ఉంటుంది. కానీ అక్కకు అప్పుడు పొద్దున పదిన్నర, చుక్కలుండవు, తమ్ముడే వర్ణించి చెప్పాలి. మే నెలకు మారిస్తే ఆమెకు రాత్రి రెండు. ఇద్దరికీ కనపడుతుంది గానీ, ఆమె నిద్ర మానుకుని ఆ చలిలో బయటికి రావాలి. నాకైతే ఇదే ఇష్టం. తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన