తునిలో పదకొండేళ్లు బొమ్మలు అమ్మిన అనుభవంతో చెబుతున్నా

"చైనా సరుకు సగం ధరకే దొరుకుతుంటే పనిగట్టుకుని దేశీ సరుకు కొనడం తెలివైన పనేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అని అడిగారు. నాకు బాగా తెలిసిన సరుకు పిల్లల బొమ్మలు. 2011 నుంచి 2022 దాకా తునిలో మాకు ఫ్యాన్సీ షాపు ఉండేది. మామూలు రోజుల్లో గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు పోయేవి. ఆషాఢం వస్తే మాత్రం పక్కనే ఉన్న తలుపులమ్మ లోవ గుడికి వచ్చే జనంతో బొమ్మలే బొమ్మలు.

ముందు వ్యాపారం లెక్క చెబుతాను. రిమోట్ కారు మాకు హోల్‌సేల్‌లో 110 రూపాయలకు పడేది, 220కి అమ్మేవాళ్లం. ఏటికొప్పాక ఊళ్లో కర్రతో చేసే లక్కపిడతల సెట్టు 180కి తెచ్చి 250 చెబితే, "కర్రముక్కలకి ఇంతా?" అని కిందపెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఇక షాపువాడు ఏది ముందు వరసలో పెడతాడో మీకే అర్థమవుతుంది. మేమూ అదే చేశాం.

అయితే ఆ లెక్కలో రాయని ఖర్చు ఒకటి ఉంది. 24 కార్ల కార్టన్ విప్పితే మూడో నాలుగో కార్లు పెట్టెలోనే చచ్చిపోయి ఉండేవి. మాకు సరుకు వేసే హోల్‌సేల్ ఆయన్ని అడిగితే, "చైనా మాల్‌కి రిటర్న్ ఉండదమ్మా, తెలుసుగా" అనేవాడు. ఆడుతున్నాయని చూసి అమ్మినవి కూడా మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చేవి, వెనకాల ఏడుస్తూ పిల్లాడు. ఓసారి విసుగొచ్చి స్క్రూడ్రైవర్ తీసుకుని ఒకదాన్ని విప్పాను. మోటారు శుభ్రంగా ఉంది. మోటారు నుంచి బోర్డుకి వెళ్లే తీగ తలవెంట్రుక కంటే కాస్త లావు, అంతే. టంకం దగ్గర ఊడిపోయింది. పక్కసందులో సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి రెండు నిమిషాల్లో అతికించి 50 రూపాయలు తీసుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేం, కానీ 220 రూపాయల బండికి ప్రతిసారీ 50 పెట్టి ఎవరు బాగుచేయించుకుంటారు? చెత్తబుట్టలో వేసి ఇంకోటి కొంటారు. ఏడాదికి మూడు కార్లు కొన్న ఇళ్లు నాకు తెలుసు.

2020 ఫిబ్రవరిలో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. తర్వాత 2023లో సుంకం 70 శాతమైంది, అప్పటికి మేం షాపు తీసేశాం. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఐఎస్ఐ గుర్తుంటే అది మన దేశంలో తయారైందని కాదు. బయటి నుంచి వచ్చే బొమ్మకీ ఆ గుర్తు ఉండాల్సిందే. ఏ దేశానిదో తెలియాలంటే పెట్టె వెనక చిన్న అక్షరాల్లో తయారీ దేశం, దిగుమతి చేసినవారి పేరు చూడాలి. ఆ రెండూ లేని పెట్టె అయితే నేను ముట్టుకోను. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఉండే లైసెన్సు నంబరు, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది.

ఆ తర్వాత "మేడ్ ఇన్ ఇండియా" అని రాసున్న కార్లు రావడం మొదలైంది. అలవాటుకొద్దీ వాటినీ ఒకటి విప్పాను. ప్లాస్టిక్ బాడీ ఇక్కడిదే, లోపల మోటారు మీదా బోర్డు మీదా మాత్రం చైనా అక్షరాలు. మోసం అని అనను. ఏదో ఒక దగ్గర మొదలుపెట్టాలి కదా. పైగా అవి వచ్చాక డ్యామేజీ బాగా తగ్గింది, పోయినవాటిని ఏజెంటు మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చేవాడు. నా మట్టుకు దేశీ సరుకులో అసలు లాభం ఇదే. చెడిపోతే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. మన మిక్సీలే చూడండి. కప్లర్ అరిగితే తునిలో ఏ కొట్టుకెళ్లినా దొరుకుతుంది, బ్లేడు ఊడితే బుష్ మార్చి ఇస్తారు. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని మా ఆడపడుచు పేరు తెలియని విదేశీ బ్లెండర్ కొంది. రబ్బరు వాచరు ఒకటి పోయి ఏడాదిగా అటక మీదే ఉంది.

మనవాళ్ల తప్పులూ చెప్పాలి. ఆషాఢానికని చెప్పిన కర్రబొమ్మల ఆర్డరు ఓ ఏడు శ్రావణంలో చేతికందింది. వాటినేం చేసుకోను? బొమ్మబండి చక్రాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వీటన్నిటికంటే కోపం తెప్పించింది నకిలీ. ఓ ఎగ్జిబిషన్‌లో స్టాలు అతను ఏటికొప్పాకవే అని అంటే మా తమ్ముడి కూతురికి లక్కపిడతలు కొన్నాను. అది చిన్న బిందె నోట్లో పెట్టుకుంటే పెదాలు ఎర్రగా అయిపోయాయి. తీరా చూస్తే మామూలు ఎనామిల్ పెయింటు.

ఆ మంటలోనే ఓ ఆదివారం ఏటికొప్పాక వెళ్లాను. మాకెంతో దూరం కాదు, విశాఖ వైపు హైవే మీద అడ్డరోడ్డులో దిగి లోపలికి పోవాలి, వరాహ నది ఒడ్డు. అన్నేళ్లు అమ్మానే గానీ తయారుచేస్తుండగా చూడటం అదే మొదటిసారి. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి, చూస్తుండగానే పట్టీలా చుట్టుకుంటుంది. కుంచె అన్న మాటే లేదు. ఆఖర్న మొగలి ఆకుతో అదిమి రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు రంగు పసుపు నుంచి, నారింజ జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి. మళ్లీ ఈ సహజ రంగుల దారి పట్టించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, 2017లోనే వచ్చింది. "ఐఎస్ఐ లేదు కదా" అని మా షాపులో కొందరు వీటిని వెనక్కిచ్చేసేవాళ్లు. నిజానికి రిజిస్టరైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, జీఐ ఉన్నవాటికీ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ సంగతి చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇది. మూడేళ్ల లోపు పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు, వాళ్లకి ధర చూడకుండా లక్కబొమ్మే కొంటాను. కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూస్తాను, రంగు అంటితే అక్కడే వదిలేస్తాను. ఆరేళ్ల పిల్లాడికి కర్ర బొంగరం ఇచ్చి దేశభక్తి నేర్పే ఓపిక నాకు లేదు, వాడికి రిమోట్ కారే కావాలి. అందులో ఇక్కడిదీ అక్కడిదీ రెండూ ఉంటే, వంద ఎక్కువైనా ఇక్కడిదే తీసుకుంటాను, మార్చి ఇచ్చే దిక్కుంటుంది గనక. ఎక్కడిదైనా సరే, బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. గుండీ బ్యాటరీలు వేసి, గోటితో తీస్తే వచ్చే మూత పెట్టిన బొమ్మలు పది రూపాయలకు వచ్చినా ఇంటికి తేవద్దు. ఆ బ్యాటరీ మింగితే ప్రాణం మీదకి వస్తుంది.