మెషిన్ మీద కరెక్ట్‌గా ఉన్న పార్టు మర్నాటికి ఎందుకు వంగుతోంది?

ప్రశ్న: ఫైవ్ యాక్సిస్ మిల్లు (ఐదు రకాల కదలికలతో కోసే మెషిన్) మీద 100 మి.మీ. పొడవున్న డెల్రిన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పార్టులు ఒకే సెట్టింగ్‌లో, అంటే ఒక్కసారి బిగించి, చేస్తున్నాను. మెషిన్ మీదే ప్రోబ్‌తో (పార్టును తాకి కొలిచే పరికరంతో) చూస్తే కొలతలన్నీ కరెక్ట్. మర్నాడు చూస్తే పొడవు తగ్గి, పైముఖం కాస్త వంగి ఉంటోంది. మెషిన్‌లో లోపమా?

జవాబు: మెషిన్ గురించి టెన్షన్ పడకండి. ఒకే సెట్టింగ్ వల్ల పార్టును తిప్పి మళ్లీ బిగించేటప్పుడు వచ్చే తేడా పోతుంది, అంతవరకే. ప్లాస్టిక్‌కు పట్టిన వేడి, దాని లోపలున్న ఒత్తిడి అలాగే ఉంటాయి.

పొడవు తగ్గేది వేడి వల్ల. డెల్రిన్ 1 డిగ్రీకి మీటరుకు సుమారు 0.1 మి.మీ. పెరుగుతుంది, అంటే స్టీలు కంటే ఎనిమిది రెట్లకు పైనే. మీ పార్టు 10 డిగ్రీలు వేడెక్కి ఉండగా కొలిచారంటే 0.1 మి.మీ. తేడా అక్కడే వచ్చేసింది. చల్లారి 20 డిగ్రీలకు వచ్చాకే ఆఖరి కొలత తీసుకోండి. లోహం మీద ఒక్కసారి వాడినా సరే ఆ ఎండ్‌మిల్‌ను (కోసే టూల్‌ను) ప్లాస్టిక్‌కు పెట్టొద్దు. పదునైన, కోటింగ్ లేని, ఒకటో రెండో ఫ్లూట్లు (కోత అంచుల పక్కనుండే గాడులు) ఉన్నది తీసుకుని, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) ధైర్యంగా ఇచ్చి, ఎయిర్‌తో చిప్స్ ఊదేస్తూ ఉండండి. ఫీడ్ మరీ తగ్గిస్తే టూల్ కోయడం మానేసి రుద్దుతుంది, వేడంతా పార్టుకే ఎక్కుతుంది.

వంపు సంగతి వేరు. ప్లేటు తయారైనప్పుడే లోపల ఒత్తిడి మిగిలిపోతుంది, మీరు ఒకవైపు ఎక్కువగా కోసేసరికి ఆ బ్యాలెన్స్ చెడి పార్టు వంగుతుంది, కానీ వైస్ (పార్టును బిగించే పట్టు) పట్టి ఉంచినంతసేపూ అది బయటపడదు. అందుకే ఏ ముఖాన్నీ ముందే ఫినిష్ చేయొద్దు. అన్ని వైపులా 1 మి.మీ. దాకా వదిలి రఫింగ్ (ముందు చేసే ముతక కోత) చేసి, వైస్ వదులు చేసి, వీలైతే ఒక రాత్రి ఆగి, మళ్లీ మెల్లగా బిగించి ఫినిషింగ్ మొత్తం ఒక్క పట్టులో కానివ్వండి. ఇక ఇది ఒకే సెట్టింగ్ ఎలా అవుతుందంటారేమో, కొలతలు తేలేది ఫినిషింగ్‌లోనే కాబట్టి నా లెక్కలో అదే ముఖ్యం.

ఇంకోటి, వైస్ దవడలు (జా) నేరుగా పార్టును పట్టకూడదు. అడుగున కొంచెం ఎక్కువ మెటీరియల్ ఉంచి, దానికి డవ్‌టెయిల్ (పట్టు జారకుండా ఏటవాలుగా కోసిన అంచు) కోసి అక్కడే పట్టండి. చివర్లో ఆ అడుగు భాగాన్ని సన్నటి ట్యాబ్‌ల (కోయకుండా వదిలిన చిన్న ముక్కల) మీద నిలిపి, చేత్తో కోసేయొచ్చు.

ఇదే పార్టును నైలాన్‌లో చేయాల్సి వస్తే మాత్రం తేమ పీల్చి ఉబ్బుతుంది, కాబట్టి టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) గురించి డ్రాయింగ్ ఇచ్చినవాళ్లతో ముందే మాట్లాడుకోండి.