రూపాయి వడ్డీలో దాగిన పన్నెండో ఘాతపు సమీకరణం

డిగ్రీ మొదటి సంవత్సరంలో చదివే గణితం నిత్యజీవితంలో ఎక్కడైనా ఎదురైందా అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు పొద్దుతిరుగుడు పువ్వునూ ఫిబొనాచ్చి సంఖ్యలనూ చూపించడం ఆనవాయితీ గానీ, నాకు మాత్రం అది మా ఇంటి బీరువాలోని ఒక వాయిదాల కాగితంలో ఎదురైంది.

నేను బీఎస్సీలో చేరిన ఏడాది మా అన్నయ్య వాయిదాల మీద బండి కొన్నాడు. అప్పు 60,000 రూపాయలు, గడువు 12 నెలలు, వడ్డీ నూటికి నెలకు రూపాయి. ఏడాదికి వడ్డీ 7,200 అవుతుంది కనుక అసలుతో కలిపి నెలకు 5,600 కట్టాలి. "రూపాయంటే ధర్మవడ్డీయే కదరా" అన్నారు నాన్న. ఆయన ఎరిగిన రూపాయి వడ్డీ ఊళ్లో నోటు రాసి తెచ్చుకునే అప్పుది. అక్కడ అసలులో కొంత ముందే తీర్చేస్తే, ఆ తర్వాత మిగిలిన బాకీకే వడ్డీ లెక్కగడతారు. ఈ కాగితంలో అలా లేదు. నెలనెలా అసలులో 5,000 తీరిపోతున్నా, చివరి నెలలో సైతం వడ్డీ మొత్తం 60,000 మీదనే పడుతోంది. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. అలాంటప్పుడు నిజంగా మన దగ్గర మిగిలి ఉన్న సొమ్ముకు పడుతున్న వడ్డీ ఎంత?

ముందుముందు కట్టబోయే ఒక్కొక్క 5,600ను తెలియని ఆ రేటుతో తగ్గించుకుంటూ అప్పు తీసుకున్న నాటి విలువకు మార్చితే, ఆ పన్నెండు విలువలూ గుణశ్రేఢిలో ఉంటాయి. వాటి మొత్తం సరిగ్గా 60,000 కావాలి. బడిలో నేర్చుకున్నది ఇక్కడిదాకా చాలింది. దాన్ని సమీకరణంగా విప్పితే మాత్రం పన్నెండో ఘాతం వచ్చి కూర్చుంది. అయిదో ఘాతం మొదలుకొని ఆపై సమీకరణాలన్నిటికీ పనికొచ్చేలా కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం లాంటి మూలాలతో రాసే సూత్రం ఉండదని నార్వే గణితవేత్త ఆబెల్ 1824లోనే నిరూపించాడు. అది ఒక బండి కాగితంలో తగులుతుందని నేను అనుకోలేదు.

సూత్రం లేనప్పుడు వాడేందుకే సమద్విఖండన పద్ధతి ఉంది, అంటే జవాబు ఉండే హద్దులను ప్రతిసారీ సగానికి కుదించుకుంటూ పోవడం. రేటు 1 శాతం అనుకుంటే వాయిదాల మొత్తం విలువ సుమారు 63,030 వచ్చింది, 2 శాతం అనుకుంటే 59,220 వచ్చింది; అంటే జవాబు ఈ రెంటి నడుమనే ఉండాలి. సగానికి, అంటే 1.5కు, 61,080. మిగిలిన సగంలో మళ్లీ సగానికి, 1.75కు, 60,140. ఇలా సగాలు చేసుకుంటూ పోతే 1.79 దగ్గర లెక్క నిలిచింది. నాన్న భాషలో చెప్పాలంటే అది రూపాయి వడ్డీ కాదు, రూపాయి డెబ్బై తొమ్మిది పైసల వడ్డీ. ఏడాదికి 12 శాతం కాదు, దాదాపు 21.5 శాతం.

అంత ఓపిక లేనివారికి ఒక దగ్గరిదారి ఉంది. అసలు బాకీ మొదటి నెలలో 60,000, చివరి నెలలో 5,000 కనుక సగటున మనం వాడుకున్నది 32,500 మాత్రమే. దాని మీద 7,200 వడ్డీ అంటే సుమారు 22 శాతం. ఖచ్చితమైన జవాబుకు ఇది కాస్త ఎక్కువే అయినా, షోరూములో నిలబడి నోటితో వేసుకునే లెక్కకు సరిపోతుంది.

మీరూ ఈ లెక్క వేసి చూడాలనుకుంటే ఇప్పుడు జవాబు సరిచూసుకునే వీలు కూడా ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ టర్మ్ రుణాలకు (వ్యక్తులకు నిర్ణీత గడువుతో ఇచ్చే అప్పులకు) బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి, అందులో వార్షిక శాతం రేటు రాయాలి. రుసుములను కూడా కలుపుకొని లెక్కగట్టేది కనుక ఆ అంకె మీ జవాబుకన్నా కొంచెం ఎక్కువ ఉంటే, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో చూడండి.