తాలింఖానా అంటే జిమ్మేనా?

ప్రశ్న: మా తాతగారు "తెల్లారకముందే తాలింఖానాకి పోయేవాళ్ళం" అంటుంటారు. ఆయన జ్ఞాపకాలు రాసి పెడుతున్నాను. తాలింఖానా అంటే జిమ్మేనా? తాలింపుకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? వ్యాయామశాల అని రాస్తే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తాలింపుకి ఏ సంబంధమూ లేదండి. తాలీం అరబ్బీ మాట, చదువు చెప్పడం, నేర్పడం అని అర్థం. ఖానా అంటే పారసీలో ఇల్లు, మన దవాఖానా, కార్ఖానా, బందిఖానాల్లో ఉన్నది కూడా అదే. ఉర్దూలో తాలీం అంటే ఇప్పటికీ చదువే, మన దగ్గర మాత్రం కుస్తీకీ సాముకీ అతుక్కుపోయింది, మరాఠీలోనూ అంతే, కొల్హాపూర్‌లో కుస్తీ నేర్పే చోటుని ఉత్త తాలీం అనే అంటారు. అక్కడ నేర్పే ఉస్తాదే మన నోట్లో వస్తాదు అయ్యాడు. ఇప్పుడు వస్తాదంటే కండలు తిరిగిన మనిషి అనుకుంటున్నాం గానీ అసలు అర్థం గురువు.

అందుకే జిమ్మేనా అంటే నేను కాదనే చెప్తాను. తాలింఖానాలో తవ్వి మెత్తగా చేసిన మట్టి ఉంటుంది, అదే గోదా, ఆ మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి కాళ్ళతో తొక్కి పదును చేస్తారు, పడితే ఎముక విరగకుండా, గీసుకుంటే పుండు పడకుండా. ఓ మూల ఆంజనేయస్వామి పటం, గోడకి ఆనించిన గదలు, కర్రలు. కుర్రాళ్ళు గోచీ బిగించి దండీలు, బస్కీలు తీసి ఒళ్ళు వేడెక్కాక గోదాలోకి దిగితే, వస్తాదు పక్కనే నిలబడి పట్టు ఎక్కడ జారిందో చూసి మళ్ళీ పట్టిస్తాడు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడుగారు (వైజాగ్ బీచ్ రోడ్‌లో విగ్రహం ఉంది కదా, ఆయనే) ఇలాంటి సాధనలోంచి వచ్చినవారే, సర్కస్ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామం నేర్పే మాస్టారు కూడా.

వ్యాయామశాల తప్పేం కాదు, బోర్డు మీద బాగుంటుంది, ఇంట్లో ఎవరూ అనరంతే. గరిడీ అని ఇంకో పాత మాట ఉంది, కన్నడంలో గరడి మనె అంటారు, మైసూరులో అలాంటివి ఇంకా ఉన్నాయి. మనకది ఎక్కువగా సాముగరిడీలు అనే జంటమాటలోనే మిగిలింది, దాన్ని కూడా గారడీతో కలిపేసి కనికట్టు అనే అర్థంలో వాడేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, గారడీ వేరు, గరిడీ వేరు.

తాలింఖానా, తాలీంఖానా రెండు రకాలుగానూ రాస్తారు. మీరు మాత్రం తాతగారు ఎలా పలికితే అలాగే రాయండి, పక్కన బ్రాకెట్లో జిమ్ అని పెట్టకండి.