ఈఎంఐ చిన్నదైనంత మాత్రాన కారు చవకైపోదు

ప్రశ్న: ఇంటి ఖర్చులు, పొదుపు పోను జీతంలో 20 శాతం మిగులుతోంది. ఆడి ఏ3 లాంటి చిన్న ప్రీమియం సెడాన్ మీద ఎప్పటినుంచో మనసుంది. 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ జీతంలో 12 శాతమే అంటున్నారు. కొనొచ్చా?

జవాబు: మనసు పడ్డ కారు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. నాకు నచ్చనిదల్లా ఆ ఏడేళ్లు. అదే అప్పును నాలుగేళ్లలో తీర్చేలా లెక్కేయండి. ఈఎంఐ జీతంలో సుమారు 18.5 శాతానికి చేరుతుంది. అంటే మీకు మిగిలేదంతా దానికే సరి. ఇన్సూరెన్స్, పెట్రోల్, సర్వీసింగ్ ఎక్కడి నుంచి తెస్తారు? పోనీ ఏడేళ్లే పెట్టుకుందామంటే, ప్రతి 100 అప్పుకు వడ్డీయే 35 అవుతుంది. నాలుగేళ్లకైతే 19 చాలు. పైగా మూడేళ్లు కట్టాక కూడా 100కి దాదాపు 65 బాకీ ఉంటుంది. అప్పుడు కారు అమ్మాల్సి వస్తే, వచ్చిన డబ్బు బాకీకి చాలకపోవచ్చు.

పెద్ద ప్రీమియం కార్లతో పోలిస్తే ఇలాంటి చిన్నవాటిలో చవకగా ఉండేది కొనే ధర ఒక్కటే, మెయింటెనెన్స్ కాదు. షోరూమ్‌కి వెళ్లినప్పుడు వంగి టైరు మీద నంబరు చదవండి. 225/40 ఆర్18 అని ఉంటే, టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 40 శాతం అని. అంటే రిమ్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే రబ్బరు ఎత్తు 90 మిల్లీమీటర్లే. 205/55 ఆర్16 అయితే 113 దాకా ఉంటుంది. గుంతలో పడితే ముందు దెబ్బతినేది ఆ ఎత్తు తక్కువ టైరే. అందుకే టాప్ వేరియంట్‌కి ఓకే చెప్పేముందు నాలుగు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఒక హెడ్‌లైట్ మార్చడానికి ఎంతవుతుందో రాయించుకోండి. ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా అడగండి. వెనక సీట్లో మీవాళ్లను ఓ అరగంట కూర్చోబెట్టండి, మోకాళ్లే చెబుతాయి.

ఇంకో మాట. ఏ3, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, స్కోడా ఆక్టేవియా ఒకే ప్లాట్‌ఫామ్ (కారు అడుగు భాగపు మూల నిర్మాణం) మీద తయారైనవే. బ్యాడ్జి కోసం ఎంత ఎక్కువ పెడుతున్నారో తెలుసుకునే పెట్టండి. నన్నడిగితే మీ లెక్కకు మూడేళ్లు వాడిన, వారంటీ ఇంకా మిగిలి ఉన్న కారే సరైనది. ధరలో మొదటి పెద్ద తరుగు మొదటి యజమాని భరించేసి ఉంటాడు.

కొత్తదే కావాలంటే ఆరు నెలలు ఆగండి. ప్రతి నెలా జీతం పడిన రోజే 18.5 శాతం వేరే ఖాతాలో వేసి, ముట్టుకోకండి. టెన్షన్ లేకుండా నెట్టుకొచ్చారంటే ఆ డబ్బే మీ డౌన్ పేమెంట్. మూడో నెలలోనే చెయ్యి పెట్టాల్సి వస్తే, ఆ కారు ఇప్పటికి వద్దు.